రాజీనామా ఇచ్చేశాక ఏ దారి? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉద్యోగం చేసే మనవాళ్ళ కోసం

"మావయ్యా, కోపంలో రాజీనామా ఇచ్చేశాను. ఇప్పుడు కటక్ వెళ్ళి కేసు వెయ్యాలా?"

నా మేనకోడలు రాత్రి పదకొండు దాటాక చేసిన ఫోన్ అది. ఒడిశా హైకోర్టు కటక్‌లో ఉంది, అందుకే ఆ మాట. గజపతి జిల్లా కొండల్లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పర్లాకిమిడిలో అత్తగారి దగ్గర మూడేళ్ళ పాప, ఆసుపత్రిలో వరసగా నైట్ డ్యూటీలు. పాపకి జ్వరం, సెలవు కావాలంటే లేదన్నారట. అక్కడే తెల్ల కాగితం తీసుకుని రాసి ఇచ్చేసింది.

నేను మూడు ప్రశ్నలు అడిగాను. కాగితం ఎవరి పేరున రాశావు? ఏ తారీఖు నుంచి మానేస్తానన్నావు? ఆమోదించామని ఏమైనా ఆర్డరు వచ్చిందా? మొదటిదానికి "మా డాక్టరుగారి పేరున" అంది. రెండోది గుర్తులేదు. మూడోదానికి "ఇంకా లేదు" అంది. ఆ మాట విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

నేను వకీలును కాను. ఈ సరిహద్దు జిల్లాల్లోనే ఒక ఆఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు, అంటే ఉద్యోగుల సర్వీసు ఫైళ్ళ పని, చూశాను. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మనవాళ్ళు ఉద్యోగం వదిలేసి, మళ్ళీ వెనక్కి రావాలని తిరగడం దగ్గర నుంచి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ కోర్టు అన్నది రెండో ప్రశ్న. ఆమోదం ఎప్పుడు జరిగింది, రాజీనామా ఏ తారీఖు నుంచి అమలు అన్నది మొదటి ప్రశ్న. మీకు ఎన్ని దారులు మిగిలాయో ఆ రెండు తారీఖులే చెబుతాయి.

ఇంకా కాగితం ఇవ్వనివాళ్ళు ముందు ఇది చూడండి

ఉద్యోగం వదలడానికి మూడు పద్ధతులున్నాయి. మనం మూడింటినీ "రిజైన్ చేశాడు" అనేస్తాం. ఫైలులో మూడూ వేరు వేరు.

ఉత్త రాజీనామా అన్నిటికన్నా నష్టం. పాత పెన్షన్ కింద ఉన్నవాళ్ళకి అప్పటిదాకా చేసిన సర్వీసంతా పెన్షన్ లెక్కలోంచి పోతుంది. 2019 డిసెంబరులో బీఎస్ఈఎస్ యమునా పవర్ అనే ఢిల్లీ కరెంటు సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ కార్మికుడు 1968లో రోజుకూలీగా చేరాడు, 1971లో పర్మనెంటయ్యాడు, 1990లో రాజీనామా చేశాడు. ఇన్నేళ్ళు చేశాను కదా, దాన్ని స్వచ్ఛంద పదవీ విరమణగా లెక్కగట్టి పెన్షన్ ఇవ్వండన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళు నిండినా సరే, ఇచ్చింది రాజీనామా అయితే వెనకటి సర్వీసు పోయినట్టే అంది. ఆ తీర్పు చదివిన రోజు నాకు చాలా బాధేసింది. పాతికేళ్ళు పని చేసినవాడు ఒక్క మాట తేడాతో వట్టి చేతులతో ఇంటికి వెళ్ళొచ్చన్నమాట.

వాలంటరీ రిటైర్మెంట్, అంటే ఆ స్వచ్ఛంద పదవీ విరమణ, అలా కాదు. కేంద్ర ఉద్యోగులైతే 20 ఏళ్ళ అర్హ సర్వీసు (పెన్షన్ లెక్కలోకి వచ్చే సర్వీసు) నిండాక మూడు నెలల నోటీసు ఇచ్చి, పెన్షన్‌తో బయటికి రావచ్చు. ఒడిశా రాష్ట్ర ఉద్యోగులు 1992 నాటి పెన్షన్ రూల్స్‌లో తమకున్న షరతు చూసుకోవాలి. పద్దెనిమిదో ఏటో పంతొమ్మిదో ఏటో విసుగొచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: సెలవు పెట్టండి, బదిలీ అడగండి, ఎలాగోలా ఆ గడువు దాటించండి. జీతం లేని సెలవైతే అది అర్హ సర్వీసులోకి వస్తుందో రాదో ముందే కాగితం మీద అడగండి.

మూడోది టెక్నికల్ రాజీనామా. ఇంకో ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు, ఆఫీసు ద్వారానే దరఖాస్తు పెట్టి, అనుమతి తీసుకుని వదలడం. పాత సర్వీసు నిలుస్తుంది. రాజీనామా లేఖలో "ఫలానా పోస్టులో చేరడానికి, సరైన అనుమతితో" అన్న మాట ఉండి తీరాలి. మనవాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉద్యోగం రాగానే ఆనందంలో మామూలు రాజీనామా రాసేస్తారు. ఒక రాష్ట్ర సర్వీసు నుంచి ఇంకో రాష్ట్ర సర్వీసుకి వెళ్ళేటప్పుడు పాత ఏళ్ళు కలుస్తాయా అన్నది చేరకముందే కొత్త ఆఫీసును రాతపూర్వకంగా అడగాలి. చేరాక అడిగితే జవాబు ఎటు వచ్చినా చేసేదేమీ ఉండదు.

ఒడిశాలో 2005 జనవరి 1 నుంచి చేరినవాళ్ళు కొత్త పెన్షన్ కింద ఉన్నారు. వాళ్ళ ఖాతాలో జమ వాళ్ళదే. అందుకని "నాకు పోయేదేముంది" అంటారు. సీనియారిటీ పోతుంది, జీతం మెట్టు పోతుంది, మళ్ళీ పరీక్ష రాద్దామంటే వయసు అడ్డొస్తుంది.

ఇచ్చేశాక: ఆమోదానికి ముందు, తరవాత

ఇంకా ఆమోదం కాలేదంటే మీ దగ్గర అన్నిటికన్నా మంచి దారి ఉంది. రాజీనామాను వెనక్కి తీసుకుంటున్నానని ఒక లేఖ రాయండి, చాలు. ఆమోదం జరిగేదాకా మనసు మార్చుకునే హక్కు ఉద్యోగికి ఉంటుందని 1968లో రాజ్‌కుమార్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి వకీలూ అక్కర్లేదు, కటకూ అక్కర్లేదు.

అయితే ఆ కేసులోనే రెండో సగం కూడా ఉంది. ఆయన ఐఏఎస్ అధికారి. ప్రభుత్వం రాజీనామాను ఆమోదించేసింది, ఆ ఆర్డరు మాత్రం ఇంకా ఆయన చేతికి అందలేదు. ఈలోపు ఆయన వెనక్కి తీసుకున్నారు. ఆలస్యమైపోయిందంది కోర్టు. ఆమోదించాల్సిన అధికారి సంతకం పెట్టిన క్షణమే తలుపు మూసుకుంటుంది, కబురు మీకు అందడంతో పనిలేదు. 2003లో ఒక సాంస్కృతిక కేంద్రం ఉద్యోగి కేసులోనూ ఇదే మాట. రాజీనామా ఇచ్చిన రోజే ఆమోదించారు, తెలియజేయడం ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఉద్యోగిని కాపాడలేదు.

ఇక 2024 సెప్టెంబరు నాటి కొంకణ్ రైల్వే తీర్పు చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటున్నారు. ఆ ఉద్యోగి 23 ఏళ్ళ సర్వీసు తరవాత 2013 డిసెంబరులో రాజీనామా ఇచ్చాడు. 2014 ఏప్రిల్‌లో ఆమోదించామంటుంది సంస్థ. మే 26న ఆయన వెనక్కి తీసుకున్నాడు. జులై 1న రిలీవ్ చేశారు. ఆమోద లేఖ ఆయనకు అందినట్టు రుజువు లేదు, అది ఆఫీసులో అంతర్గత ఉత్తరంగానే ఉండిపోయింది, పైగా ఆ తరవాత కూడా డ్యూటీకి రమ్మని ఆయనకు రాశారు. ఇవన్నీ చూసి సుప్రీంకోర్టు 30 రోజుల్లో ఉద్యోగంలోకి తీసుకోమంది. మధ్యకాలానికి సగం జీతం ఇప్పించింది, ఆ కాలాన్ని పెన్షన్‌కి లెక్కించమంది.

ఈ తీర్పు చూపించి "ఆర్డరు నాకు అందలేదు కాబట్టి నేను గెలుస్తాను" అనుకోవద్దు. ఆయన గెలవడానికి సంస్థ స్వయంగా రాసుకున్న ఉత్తరాలు తోడయ్యాయి. మీ ఫైలులో అలాంటివి ఉన్నాయో లేదో తెలియాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఆమోదం నోట్‌షీటు (ఫైలులో అధికారులు రాసి సంతకం పెట్టే కాగితం), ఆర్డరు, ఉత్తరాలు బయటికి పంపినట్టు రాసే డిస్పాచ్ రిజిస్టరులో ఆ పేజీ, ఈ మూడూ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆమోదం తరవాత రాసి పాత తారీఖు వేసి ఉంటే డిస్పాచ్ నంబరు చాలాసార్లు పట్టిస్తుంది. ఆ రిజిస్టరు ఎలా నడుస్తుందో నేను ఏళ్ళ తరబడి చూశాను.

మధ్యలో ఇంకో పరిస్థితి ఉంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఆమోదం అయింది, మానేసే తారీఖు ఇంకా రాలేదు. ఇక్కడ ఉద్యోగి వైపు బలం ఉంది. 2005లో బీఈఎంఎల్ (భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ) కేసు ఇలాంటిదే: 1993 జనవరి 4న రాజీనామా, అదే రోజు ఆమోదం, అయినా మధ్యలో క్యాజువల్ లీవు ఇచ్చి 15న రిలీవ్ చేస్తామన్నారు. 8వ తారీఖున ఆయన వెనక్కి తీసుకున్నాడు. 15 దాకా ఉద్యోగ సంబంధం ఉన్నట్టే కాబట్టి అది చెల్లుతుందంది కోర్టు. వాలంటరీ రిటైర్మెంట్ నోటీసుకీ ఇదే దారి. 1987లో బలరాం గుప్తా కేసులో, నోటీసు గడువు తీరకముందు ఉద్యోగి మనసు మార్చుకుంటే సరైన కారణం లేకుండా కాదనకూడదని చెప్పింది. అందుకే రాజీనామా రాసేటప్పుడు "తక్షణం" అన్న మాట రాయకండి. నెల తరవాతి తారీఖు వెయ్యండి. ఆ నెలే రేపు మీకు దిక్కవుతుంది.

ఈ హక్కు అందరికీ ఒకేలా ఉండదు కూడా. 2019లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ పైలట్ కేసులో ఆరు నెలల నోటీసు కాలంలో వెనక్కి తీసుకోవడాన్ని కోర్టు ఒప్పుకోలేదు, అక్కడి ప్రత్యేక నియమాల వల్ల. మీ సర్వీసు రూల్‌లో ఇలాంటి మెలిక ఉందేమో చూడండి.

మానేసిన తారీఖు కూడా దాటిపోయిందా? కేంద్ర ఉద్యోగి అయితే పెన్షన్ రూల్స్‌లో ఒక చిన్న కిటికీ ఉంది. రాజీనామా అమలైన రోజు నుంచి మళ్ళీ చేరడానికి అనుమతించే రోజు దాకా 90 రోజులు మించకూడదు. మీ నిజాయితీ మీదో పనితీరు మీదో మచ్చ లేని బలమైన కారణంతో వదిలి ఉండాలి. పోస్టు ఖాళీగా ఉండాలి. ప్రైవేటు కంపెనీలో చేరడానికి వదిలినవాళ్ళకి ఇది లేదు. ఇక్కడ మోసపోయేది ఎక్కడంటే, 90 రోజులు మీరు దరఖాస్తు పెట్టడానికి కాదు, వాళ్ళు నిర్ణయం తీసుకోవడంతో కలిపి. ఎనభయ్యో రోజున దరఖాస్తు పెడితే ఫైలు బల్ల మారేలోపే గడువు పోతుంది. మొదటి వారంలో పెట్టండి. రాష్ట్ర ఉద్యోగులు తమ రూల్స్‌లో ఏముందో చూసి, ప్రభుత్వానికి విన్నపం పెట్టుకోవాలి. ఆమోదంలోనే లోపం ఉంటే తప్ప ఈ దశలో కోర్టు ఆదుకోవడం కష్టం.

బలవంతంగా రాయించుకున్నప్పుడు, చదవకుండా సంతకం పెట్టినప్పుడు

మన దగ్గర ఇది వేరే రూపంలో వస్తుంది. మనవాళ్ళు ఒడియా గలగలా మాట్లాడతారు. చదవమంటే చాలామందికి రాదు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివిన పాతతరం వాళ్ళకి. మనం రాజీనామా అనేదాన్ని ఒడియా కాగితాల్లో ఇస్తఫా అంటారు. టైపు చేసి తెచ్చిన కాగితం ముందు పెట్టి "ఇక్కడ సంతకం చెయ్యి, సెలవు కోసమే" అంటే సంతకం పెట్టిన డ్రైవరు ఒకాయన నాకు తెలుసు. అందులో ఇస్తఫా అని ఉందని నెల తరవాత తెలిసింది.

"నాకు ఒడియా రాదు" అంటే చాలదు. సంతకం మీదైతే, తెలిసే పెట్టారనే అనుకుంటారు. నిలబడేది మీరు ఎంత తొందరగా ఫిర్యాదు చేశారన్నది. రెండు మూడు రోజుల్లో పై అధికారికి రాసి ఉంటే నమ్మడానికి ఆధారం ఉంటుంది. ఆరు నెలలాగి, ఆఖరి లెక్కల డబ్బు తీసుకుని, అప్పుడు "బలవంతం" అంటే ఎవరూ వినరు. డబ్బు విషయంలో జాగ్రత్త. బ్యాంకుల వీఆర్ఎస్ (స్వచ్ఛంద విరమణ పథకం) కేసుల్లో 2002లో సుప్రీంకోర్టు, పథకం కింద కొంత డబ్బు తీసుకున్నవాళ్ళు మళ్ళీ వెనక్కి తీసుకుంటామనడం కుదరదంది. మీ ఖాతాలో వాళ్ళంతట వాళ్ళు వేసేస్తే, అదే వారం "అభ్యంతరంతో ఉంచుకున్నాను" అని రాసి పంపండి.

కోపంలో రాసిన ప్రతి లేఖా రాజీనామా కాదు, ఇదీ గుర్తుంచుకోండి. అలహాబాద్‌లో ఒక ఆసుపత్రి మత్తు వైద్యురాలు, నా మాట మీకు ఒప్పుకోలు కాకపోతే రాజీనామా చేయడం తప్ప నాకు గతి లేదన్న అర్థంలో రాశారు. ఆసుపత్రి దాన్నే రాజీనామాగా తీసుకుంది. 2002లో సుప్రీంకోర్టు అది రాజీనామా కాదంది. కాబట్టి మీరిచ్చిన కాగితం ఫోటో కాపీ ముందు సంపాదించండి. అందులో నిజంగా ఏం రాశారో చూడకుండా ఎవరి సలహా తీసుకున్నా లాభం లేదు.

అసలు కాగితమే ఇవ్వకుండా డ్యూటీకి రాలేదని పేరు కొట్టేసినవాళ్ళ సంగతి వేరు. సెలవు మించిందని విచారణ లేకుండా ఉద్యోగం తీసెయ్యడం రాజ్యాంగంలోని 311వ అధికరణకి విరుద్ధమని 1966లోనే జయశంకర్ కేసులో తేలింది. అలాంటివాళ్ళు రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని రాయకూడదు. రాస్తే ఇవ్వని రాజీనామాను ఇచ్చినట్టు ఒప్పుకున్నట్టవుతుంది.

ఏ తలుపు తట్టాలి

రైల్వే, పోస్టాఫీసు లాంటి కేంద్ర ఉద్యోగులకి సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్, కటక్ బెంచి. ఫీజు 50 రూపాయలే. ముందు డిపార్టుమెంటుకి విన్నపం పెట్టి ఉండాలి. ఆరు నెలలు జవాబు రాకపోతే వెయ్యొచ్చు. అక్కడి నుంచి గడువు ఏడాది. ఇచ్ఛాపురంలోనో పలాసలోనో ఇల్లున్నవాళ్ళు హైదరాబాద్ బెంచిలో వెయ్యొచ్చు కదా అంటారు. రిటైర్మెంటు, డిస్మిసల్, టెర్మినేషన్ వల్ల సర్వీసు ముగిసినవాళ్ళు తామున్న చోటి బెంచిలో వేసుకోవచ్చని రూలుంది. కానీ రాజీనామా కేసులో దాని మీదే మొదటి వాదన మొదలై నెలలు గడవొచ్చు. ఒడిశాలో పనిచేసి ఉంటే కటకే మేలని నా సలహా.

ఒడిశా రాష్ట్ర ఉద్యోగులకి ఒకప్పుడు రాష్ట్ర ట్రిబ్యునల్ ఉండేది. 2019 ఆగస్టులో దాన్ని రద్దు చేశారు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఇప్పటికీ పాతవాళ్ళు ట్రిబ్యునల్‌కి వెళ్ళమని సలహా చెబుతుంటారు, వినకండి. మీ దారి నేరుగా కటక్‌లో హైకోర్టు రిట్, అంటే ప్రభుత్వ ఉత్తర్వును సవాలు చేసే పిటిషన్. ఇల్లు ఆంధ్రలో ఉన్నా, పని, ఆర్డరు ఒడిశాలో అయితే అమరావతి హైకోర్టుకి వెళ్ళి లాభం లేదు.

రాయగడ నుంచి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పార్వతీపురం, విజయనగరం, పలాస చుట్టి మళ్ళీ ఒడిశాలోకి వచ్చి, రాత్రంతా ప్రయాణించి భువనేశ్వర్ చేరాలి, అక్కడి నుంచి కటక్. ప్రతి వాయిదాకి ఇది నరకం. 2023లో హైకోర్టు జిల్లాల్లో వర్చువల్ కేంద్రాలు తెరిచింది. మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉందేమో కనుక్కుని, అక్కడి నుంచే వాదించే వకీలును పెట్టుకుంటే సగం ఖర్చు, సగం టెన్షన్ తగ్గుతుంది.

దమన్‌జోడి నాల్కో, సునాబేడ హెచ్ఏఎల్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో కార్మిక హోదా ఉంటే కార్మిక చట్టం దారి కూడా ఉంది. అధికారి హోదా అయితే ట్రిబ్యునలా, హైకోర్టా అన్నది ఆ సంస్థను ట్రిబ్యునల్ పరిధిలోకి తెస్తూ నోటిఫై చేశారా లేదా అన్నదాని మీద ఉంటుంది. అక్కడ అయిదేళ్ళు నిండినవాళ్ళకి రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. ఎయిడెడ్ స్కూళ్ళ మాస్టార్లకి 1969 విద్యా చట్టం కింద వేరే ట్రిబ్యునల్ ఉంది.

విన్నపాల మీద విన్నపాలు పెడుతూ కూర్చోవడం మాత్రం వద్దు. నా సహోద్యోగి ఒకాయన రెండేళ్ళు అదే చేశారు. ప్రతిసారీ "ఈసారి చూస్తామన్నారు" అనేవారు. పాత విషయం మీద కొత్తగా అర్జీ పెట్టి, దానికి జవాబు తెచ్చుకున్నంత మాత్రాన గడువు మళ్ళీ మొదలవదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. ఒక విన్నపం, గుర్తుచేస్తూ ఇంకో లేఖ, ఆ తరవాత కోర్టు.

గెలిస్తే డబ్బంతా వస్తుందా అని అందరూ అడుగుతారు. కొంకణ్ కేసులో సగం వచ్చింది, అదీ పదేళ్ళకి. మధ్యలో వేరే సంపాదన లేదని ఉద్యోగి ప్రమాణ పత్రంలో చెప్పాలి. ఏదైనా చిన్న పని చేసి ఉంటే దాచకండి. యాభై దాటినవాళ్ళకి, వాలంటరీ రిటైర్మెంట్‌గా మార్చమని మొదట్లోనే రాజీ అడగడం కొన్నిసార్లు కేసుకన్నా మంచిది, ఆమోదం ఇంకా కాకపోతే. ముప్పైల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఉద్యోగం కోసమే పట్టుబట్టాలి.

నా మేనకోడలికి ఆ రాత్రే ఫోన్‌లో లేఖ చెప్పి రాయించాను. ఆ డాక్టరుగారు ఆమెను నియమించిన అధికారి కాదు, ఆమోదం పైనుంచి రావాలి. అందుకే ఒక కాపీ ఆసుపత్రిలో, ఒకటి నియామక అధికారి ఆఫీసులో. నాలుగో రోజు మధ్యాహ్నానికి రెండు చోట్లా ఇన్‌వర్డ్ స్టాంపు, అంటే లేఖ అందినట్టు ముద్ర, పడింది. ఆ లేఖ ఇది, ఇంగ్లీషులోనో ఒడియాలోనో రాసుకోండి:

"ఫలానా తారీఖున నేను ఇచ్చిన రాజీనామా లేఖను ఇందుమూలంగా పూర్తిగా, ఎలాంటి షరతు లేకుండా వెనక్కి తీసుకుంటున్నాను. ఈ రోజు వరకు ఆమోద ఉత్తర్వు ఏదీ నాకు అందలేదు. నేను విధుల్లో కొనసాగుతున్నాను. ఈ లేఖను నా సర్వీసు ఫైలులో చేర్చి, అందినట్టు తెలియజేయగలరు."

కింద సంతకం, తారీఖు, సమయం. సమయం కూడా వెయ్యండి, ఆమోదం అదే రోజు జరిగితే గంటలు లెక్కకొస్తాయి. చేతికిచ్చి మీ కాపీ మీద స్టాంపు, డైరీ నంబరు వేయించుకోండి. స్టాంపు వెయ్యం అని వాళ్ళంటే వెంటనే బయటికి వచ్చి స్పీడ్ పోస్టులో పంపి, ఆఫీసు మెయిల్‌కి కూడా పెట్టండి. మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్ళి హాజరు పట్టీలో సంతకం పెట్టండి. పట్టీ ఇవ్వకపోతే, ఇవ్వలేదని ఆ రోజే రాసి ఇంకో స్టాంపు వేయించుకోండి.